ఎయిర్ పిస్టల్ పాఠాలు – 6: సిలిండర్‌లో గాలి ఎక్కడ ఆపాలి?

ఈ వారం ట్రిగ్గర్ గురించి రాస్తానన్నాను. కుదరలేదు. పోయిన పాఠంలో, పిస్టల్‌కి గాలినిచ్చే సిలిండర్ గురించి "200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను కదా, దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాను.

నరసన్నపేట నుంచి ఒకాయన తన పంపు గేజ్ మీద 200 గీత దగ్గర ఆపేశారట. పెల్లెట్ (పిస్టల్ పేల్చే చిన్న గుండు) టార్గెట్ దాకా చేరలేదు. ఆయన చూసింది పీఎస్ఐ గీతలు, అది ఒత్తిడికి ఇంకో కొలత. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. అంటే ఆయన నింపింది 14 బార్ కూడా లేదు. 200 బార్ కావాలంటే అదే గేజ్ మీద 2900 చూపించాలి. కారు టైరులో ఉండేది 32 పీఎస్ఐ. దానికి తొంభై రెట్ల ఒత్తిడి మన చేతిలో పట్టే గొట్టంలో కూర్చుంటుంది.

చీపురుపల్లి తమ్ముడిది వేరే కథ. "అన్నా, రాత్రి 200, తెల్లారి 186. లీకేమోనని మళ్లీ నింపేశాను." లీకు కాదు బావూ. గబగబా పంపు కొడితే గాలి వేడెక్కుతుంది. సిలిండర్ 50 డిగ్రీలకు వెళ్లినప్పుడు 200 చూపిస్తే, 27 డిగ్రీలకు చల్లారాక 186కి దిగుతుంది. గాలి ఎక్కడికీ పోలేదు. చల్లారాక 200కి నింపడం తప్పు కాదు, కానీ తర్వాత ఆయన పిస్టల్ బాక్సును కారు డిక్కీలో పెట్టి మే నెల ఎండలో విజయనగరం వచ్చారు. డిక్కీ 60 డిగ్రీలకు చేరితే ఆ 200 కాస్తా 222 అవుతుంది. 200 మీద తయారీదారు కొంత మార్జిన్ ఉంచే ఉంటాడు, నిజమే. అది మనం తినేయడానికి కాదు.

అందుకే నేను 180 దగ్గర ఆపేస్తాను. లెక్క చూడండి. నా పిస్టల్ 200 నుంచి 70కి దిగేలోపు 150 షాట్లు కొడుతుంది. 70 కిందకు పోతే, ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడి అందించే రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, షాట్లు కిందికి జారతాయి. 180 నుంచి మొదలుపెడితే 125 పైనే వస్తాయి. మ్యాచ్‌కి 60, ముందు సైటింగ్‌కి, అంటే గురి సరిచూసుకోవడానికి, ఓ ముప్పై అనుకున్నా ఇంకా మిగులుతుంది. ఆ చివరి 20 బార్ కోసం నడుము విరగ్గొట్టుకోవడం ఎందుకు? హ్యాండ్ పంపు కొట్టినవాళ్లకి తెలుస్తుంది, 180 దాటాక ఒక్కో స్ట్రోక్‌కి ఒంటి బరువంతా వేయాలి.

నింపడం అయ్యాక బ్లీడ్ స్క్రూ (పంపు గొట్టంలో మిగిలిన గాలిని వదిలేసే స్క్రూ) విప్పాకే పంపు నుంచి సిలిండర్ తీయాలి, ఇది మరవకండి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఆమదాలవలస నుంచి వచ్చింది. "మా బావమరిదిది గ్యాస్ వెల్డింగ్ షాపు. ఆక్సిజన్ సిలిండర్‌లో 150 బార్ ఉంటుందట. దాన్నుంచి ఎక్కించుకోవచ్చా?" వద్దు. ఒక్కసారి కూడా వద్దు. అడాప్టర్ సరిపోయినా వద్దు, బావమరిది భరోసా ఇచ్చినా వద్దు.

ఎందుకో చెప్తాను. సైకిల్ పంపు కొట్టాక దాని అడుగు భాగం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది కదా. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. పొలంలో డీజిల్ ఇంజినుకు స్పార్క్ ప్లగ్ ఉండదు. నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇప్పుడు పిస్టల్ సంగతికి రండి. వాల్వ్ దగ్గర, రబ్బరు రింగుల దగ్గర ఎంతో కొంత గ్రీజు ఉంటుంది. అధిక పీడనంలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకోవచ్చు. వెల్డింగ్ షాపులో రెగ్యులేటర్‌కి నూనె చేయి తగలనివ్వరు, కారణం ఇదే. బావమరిదినే అడగండి. మనం చెయ్యి చాచినంత దూరంలో, కంటికి ఎదురుగా పెట్టుకుని గురిచూసే వస్తువు ఇది.

ఇదే కోపం నాకు కుట్టుమిషన్ నూనె మీదా ఉంది. పంపు కిర్రుమంటోందని రెండు చుక్కలు పోసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. కొబ్బరి నూనె పోసినవాళ్లనూ చూశాను! పోయాల్సింది ఏదీ లేదు. పంపు తయారీదారు చెప్పిన చోట, చెప్పిన సిలికాన్ గ్రీజు, అదీ పలచగా. అంతే.

మన శ్రీకాకుళం వైపు ఇంకో తలనొప్పి, సముద్రపు తేమ. గాలిలోని నీరంతా నొక్కుడికి సిలిండర్‌లో చేరి లోపల తినేస్తుంది. పంపుకు తేమ పీల్చే సిలికా జెల్ ఫిల్టర్ పెట్టండి. నీలం పూసలు గులాబీ రంగుకి తిరిగితే ఎండబెట్టాలి, లేదా మార్చాలి. యాభై స్ట్రోకులకోసారి ఆగి పంపును చల్లారనివ్వండి. వాన రోజు అసలు కొట్టకండి.

సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొంటుంటే ముందు సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూడండి. మ్యాచ్ సిలిండర్లకు సాధారణంగా గడువు పదేళ్లు. అది దాటితే ఎంత మెరిసినా పక్కన పెట్టండి. పోటీలో ఆ బాధ్యత షూటర్‌దే.

అభ్యాసం: వారం రోజులు ఒక నోటు పుస్తకం పెట్టండి. నింపగానే ఎంత, అరగంటకి ఎంత, తెల్లారి ఎంత, గదిలో వేడి ఎంత, అన్నీ రాయాలి. ప్రతి పది షాట్లకీ గేజ్ చూసి రాయాలి. నాకు పదికి సుమారు 9 బార్ దిగుతుంది, మీది వేరుగా ఉండొచ్చు. ఏడో రోజు గేజ్ చూడకుండా, నలభై షాట్ల తర్వాత ఎంత ఉంటుందో ముందే రాసి, కొట్టాక పోల్చండి. 5 బార్ కంటే ఎక్కువ తేడా వస్తే ట్రిగ్గర్ పాఠానికి రాకండి, ఇంకో వారం చేయండి.