వేటకు బూట్లు – 3వ పాఠం: వెడల్పు పాదానికి పొడవు మందు కాదు

పోయిన పాఠంలో కాగితం మీద పాదం గీసి మూడు కొలతలు రాసుకోమన్నాను. మడమ నుంచి పొడవైన వేలి చివరి దాకా ఒకటి, మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఎముక దాకా ఒకటి, వేళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా ఒకటి. ఆ కాగితం పక్కన పెట్టుకుని చదవండి. ఒక్క పాదమే గీసినవాళ్లు రెండోదీ గీయండి. రెండు పాదాలూ అచ్చంగా ఒకేలా ఉండటం అరుదు. పెద్దదాని కొలతే మన కొలత.

ఈ పాఠాలు అమెరికాలో లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్తున్న మనవాళ్ల కోసం. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేటాడటం నేరం. కానీ అక్కడి నుంచి హిమాలయాల ట్రెక్కింగ్‌కి బూట్లు కొనుక్కునేవాళ్లకు కూడా ఈ పాఠం యథాతథంగా పనికొస్తుంది.

పెన్సిల్వేనియాలో రైఫిల్ సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది. నా మొదటి సీజన్‌కి బూట్లు కొనేటప్పుడు సైజు 10 పక్కల నొక్కుతోందని చెప్తే, షాపులో 11 ఇచ్చారు. వేసుకుని నాలుగు అడుగులు వేస్తే హాయిగా ఉంది. కొండ దిగేటప్పుడు తెలిసింది అసలు సంగతి. అడుగడుగునా మడమ పైకి లేస్తోంది, పాదం ముందుకు జారి వేళ్లు బూటు ముక్కుకు కొట్టుకుంటున్నాయి. సాయంత్రానికి మడమల మీద బొబ్బలు లేచాయి. బొటనవేలి గోరు నల్లబడి, కొన్ని వారాలకు ఊడిపోయింది. నాకు కావలసింది 11 కాదు, 10లోనే వెడల్పు రకం. ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సిన అసలు విషయం ఇదే.

ఎందుకో చూడండి. అమెరికా లెక్కలో ఒక సైజు పెరిగితే పొడవు అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెడల్పు పెరిగేది కొద్దిగానే. పైగా ప్రతి బూటూ ఒకచోట వంగేలా చేస్తారు. మన పాదం వేళ్ల మొదళ్ల దగ్గర వంగుతుంది. ఈ రెండూ ఒకచోట కలవాలి. పొడవు ఎక్కువైతే బూటు వంగే చోటు ముందుకు వెళ్లిపోతుంది. అప్పుడు పాదం ఒకచోట, బూటు ఇంకోచోట వంగుతాయి. బూటు కరవడానికి పెద్ద కారణం అదే. మీరు రాసుకున్న రెండో కొలత ఇందుకే.

అమెరికాలో వెడల్పును అక్షరాలతో చెప్తారు. మగవాళ్ల బూట్లలో డి మామూలు వెడల్పు, డబుల్ ఈ వెడల్పు, 4ఈ బాగా వెడల్పు. ఆడవాళ్లకు బి మామూలు, డి వెడల్పు. పాత షూ షాపుల్లో కనిపించే లోహపు కొలపట్టె పేరు బ్రానాక్. 1920ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో చార్లెస్ బ్రానాక్ తయారుచేశాడు. మనం గీసుకున్న మూడు కొలతలనూ అది ఒకేసారి చూపిస్తుంది. దాని మీద కూర్చుని కాదు, బరువంతా మోపి నిలబడి కొలిపించుకోండి. బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది. మొదటి కొలతకు ఒక సైజు, రెండో కొలతకు ఇంకో సైజు వస్తే పెద్దదే తీసుకోవాలి.

మన పాదాలు వెడల్పు కావడం లోపమేమీ కాదు. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా, లేదా వేళ్లకు అడ్డులేని చెప్పులతో తిరిగిన పాదంలో వేళ్లు విచ్చుకుంటాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశంలో లక్ష మందికి పైగా పాదాలు కొలిపించింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పని అందులో తేలింది. అందుకే మనకంటూ ‘భ’ అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. కాబట్టి షాపులో వెడల్పు రకం అడగడానికి మొహమాటపడకండి. డానర్, ఐరిష్ సెటర్, కెనెట్రెక్ లాంటి కంపెనీలు కొన్ని మోడళ్లను వెడల్పులో కూడా చేస్తాయి. ఆడవాళ్ల వేట బూట్లలో వెడల్పువి తక్కువ. అందుకే చాలామంది ఒకటిన్నర సైజు తగ్గించి మగవాళ్లవి తీసుకుంటారు. అప్పుడు మడమ వదులవుతుందేమో తప్పకుండా చూసుకోవాలి.

ఇక షాపులో. సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. వేటకు వేసుకునే ఉన్ని సాక్సులే తీసుకెళ్లండి. ముందు బూటులోంచి ఇన్‌సోల్ (లోపల అడుగున పరిచే మెత్తని అట్ట) బయటికి తీసి నేల మీద పెట్టి, దానిమీద నిలబడండి. చిటికెనవేలి వైపు పాదం అంచు దాటి బయటికి వస్తోందా? వస్తే ఆ జతను అక్కడే వదిలేయండి, వేసుకుని చూడటం కూడా అనవసరం. నా లెక్కలో ఇంతకు మించిన పరీక్ష లేదు, అరనిమిషం పని. ఇందులో నెగ్గితే లేసులు కట్టకుండా బూటు వేసుకుని, పాదాన్ని ముందుకు జరిపి వేళ్లు ముక్కుకు ఆనించండి. మడమ వెనక ఒక చేతివేలు పట్టాలి. రెండు వేళ్లు పడితే పొడవు ఎక్కువ. ఆ తర్వాత లేసులు బిగించి పైనుంచి చూడండి. లేసు రంధ్రాల వరసలు రెండూ బాగా దూరంగా ఉంటే పాదం మీది భాగానికి చోటు చాలలేదని, ఒకదానికొకటి తగులుతుంటే బూటు మరీ వదులని అర్థం. చివరగా ఏటవాలు పలక మీద కిందికి దిగండి. షాపులో పలక లేకపోతే మెట్లు దిగినా చాలు. వేళ్లు ముక్కుకు తగలకూడదు.

“తోలు కదా, వాడగా వాడగా సాగుతుందిలే” అని అమ్మేవాళ్లు అంటారు. తోలు పక్కలకు కొద్దిగా సాగుతుంది, పొడవుకు సాగదు. అడుగున చుట్టూ రబ్బరు పట్టీ ఉన్నా, లోపల నీళ్లు చొరబడనివ్వని గోర్‌టెక్స్ పొర ఉన్నా ఆ కొద్దిపాటి సాగుడు కూడా తగ్గిపోతుంది. బొటనవేలి పక్క ఎముక ఒక్కచోట మాత్రమే నొక్కుతుంటే, చెప్పులు బాగుచేసేవాళ్లు అక్కడి వరకే సాగదీసి ఇవ్వగలరు. పాదమంతా నొక్కుతుంటే ఆ ఆశ పెట్టుకోకండి. చలికాలపు బూట్లకు ఇంకో జాగ్రత్త కావాలి. 400, 800 గ్రాములు అని రాసి ఉండే వెచ్చని పొర లోపలి చోటును కొంత తినేస్తుంది. బిగుతు బూటులో రక్తం సరిగ్గా ఆడదు. ఎంత మందం పొర ఉన్నా వేళ్లు మొద్దుబారిపోతాయి.

మనలో చాలామందికి ముందుభాగం వెడల్పు, మడమ సన్నం. వెడల్పు రకం కొన్నా మడమ కదులుతోందంటే లేసులతో సరిచేయొచ్చు. చీలమండ మడత దగ్గర లేసులను ఒకదాని చుట్టూ ఒకటి రెండుసార్లు తిప్పి గట్టిగా లాగండి. ఆ మెలిక కింద వేళ్ల వైపు లేసు వదులుగానే ఉంటుంది, పైన చీలమండ బిగుస్తుంది.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: మీ దగ్గరున్న ఏ బూట్లయినా తీసుకుని ఇన్‌సోల్ పరీక్ష చేయండి. ఎటువైపు, ఎంత బయటికి వచ్చిందో కొలిచి అదే కాగితం మీద రాసుకోండి. కొత్త జత ఇప్పటికే కొన్నవాళ్లు దాంతో ఇంట్లో తివాచీ మీదే నడవండి, బయటికి వేసుకెళ్లొద్దు. సోల్‌కు మట్టి అంటితే షాపువాళ్లు వెనక్కి తీసుకోకపోవచ్చు. 4వ పాఠంలో ఆ జతను సీజన్‌కు ముందు వారం వారం ఎలా అలవాటు చేసుకోవాలో చూద్దాం.