పాత మినీ ట్రాక్టర్ చూడ్డానికి గంట ముందే పోండి
బత్తాయి సాళ్ల మధ్య దున్నడానికి చిన్న బండి కావాలని దేవరకొండ వైపు నాలుగైదు చూశాను, అన్నీ మనం పోయేసరికే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచుతారు, లోపం ఎక్కడ కనిపిస్తది! అందుకే చెప్పిన టైంకన్నా గంట ముందే పోయి, బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చాయ్ తాగొచ్చి చల్లారాకే స్టార్ట్ చేయించండి. మొదట కాస్త తెల్లపొగ వచ్చి పోతే ఫర్వాలేదు, నీలంపొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టే. తర్వాత వెనకుండే రోటవేటర్ (మట్టిని గుల్ల చేసే పరికరం) లేపి, ఇంజన్ ఆపి 10 నిమిషాలు చూడండి, జానెడు దిగిందంటే దాన్ని లేపే హైడ్రాలిక్‌కి రిపేరు పని ఉంది, ధర తగ్గించి అడగొచ్చు. దాని కింద కాలు మాత్రం పెట్టకండి. ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పోసి ఉంటే నీలంపొగ దాగిపోతుంది, అలాంటి అనుమానముంటే పొలంలో అరగంట దున్ని చూడాల్సిందే.