వల గుండ్లు పోసేవాళ్లకి: అచ్చుకి సీసం అంటుకుంటే నీళ్ల జోలికి పోకండి

మొన్న మా పక్క పేటలో పెరట్లో పెద్ద శబ్దం వస్తే అందరూ గ్యాస్ బండ అనుకున్నారు. కాదు, సీసం. వల మునగడానికి కట్టే సీసం గుండ్లు అచ్చులో పోస్తున్న కుర్రాడి ముంజేయి, మెడ కాలాయి. కంటికి తగలకుండా తప్పింది, అంతే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇచ్ఛాపురం నుంచి బాహుదా దాటి సోనాపూర్, గోపాల్‌పూర్ దాకా మన పేటల్లో వలలు బాగుచేసుకునేది, విసురు వలలకి కొత్త గుండ్లు పోసుకునేది ఈ రోజుల్లోనే. లేత్ మీద అచ్చులు కోసేవాణ్ణి కాబట్టి, పాడైన అచ్చులు ఎక్కువగా నా దగ్గరికే వస్తాయి. చేతులకి కట్లు కట్టుకుని తెచ్చేవాళ్లూ ఉన్నారు. చాలామందిది ఒకే తప్పు.

పని జోరు మీద ఉంటుంది, అచ్చు బాగా కాలిపోతుంది. అచ్చు మీద సీసం పోసే బెజ్జం ఉన్న రేకు ఉంటుంది, దాన్ని పక్కకి తిప్పితే పైన మిగిలిన సీసం తెగుతుంది. లోపల సీసం ఇంకా గట్టిపడకముందే ఆ రేకు తిప్పేస్తారు. పేస్టులా ఉన్న సీసం తెగదు, రేకు కింద పాముకుపోతుంది. ఆ పొర వల్ల రేకు సరిగా కూర్చోదు, తర్వాతి పోతలో సీసం ఆ సందులోకి పాకుతుంది. పది గుండ్లు పోసేసరికి అచ్చు రెండు చెక్కలూ మూసుకోవు, ప్రతి గుండుకీ అంచున రెక్క వస్తుంది. అప్పుడు చిరాకేసి అచ్చుని బకెట్లో ముంచుతారు. చుయ్‌మంటుంది, చల్లబడుతుంది, గుడ్డతో తుడిచి మళ్లీ పోస్తారు. ఆ కుర్రాడు చేసింది కూడా ఇదే.

పైన తుడిస్తే ఆరినట్టు కాదు. రేకుని పట్టి ఉంచే మర (స్క్రూ) సందులో, కీలు దగ్గర, రేకు అడుగున చుక్క నీరు మిగులుతుంది. సీసం కరగడానికే 327 డిగ్రీలు కావాలి, గరిటెలో ఇంకా ఎక్కువే ఉంటుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. సీసం పైన పడ్డ చుక్క చిటపటలాడి పోతుంది. కింద చిక్కుకున్నదే ప్రమాదం. బయటికి దారి లేక మీదున్న సీసాన్నంతా మొహం మీదికి ఎగదోస్తుంది. కాబట్టి అచ్చుని నీళ్లలో ముంచొద్దు. తడిగుడ్డ మీద కూడా పెట్టొద్దు.

అసలు సీసం అంటుకోకుండా చూసుకుంటే బకెట్ అవసరమే రాదు. పోయగానే రేకు మీద సీసం మెరుస్తూ ఉంటుంది. కాసేపటికి మధ్యలో చిన్న గుంట పడి, మెరుపు పోయి బూడిద రంగుకి తిరుగుతుంది. ఆ మార్పు చూశాక కూడా నెమ్మదిగా ఐదారు లెక్కపెట్టి, అప్పుడు రేకు తిప్పండి. తెగినచోట చిరిగినట్టు గరుగ్గా ఉంటే తొందరపడ్డట్టే, ఇంకాస్త ఆగాలి. గుండ్లు మంచు పట్టినట్టు తెల్లగా వస్తుంటే అచ్చు వేడెక్కింది. ముడతలు పడి వస్తుంటే చల్లగా ఉంది. వేడెక్కినప్పుడు తెరిచి పొడి ఇటుక మీద పెట్టండి. నన్నడిగితే రెండు అచ్చులు చేయించుకోవడం మేలు. ఒకటి చల్లారేలోపు రెండోదాంట్లో పోసుకోవచ్చు. (అచ్చులమ్ముకోడానికి చెప్తున్నా అనుకున్నా పర్లేదు.)

రేకు మర మరీ బిగించొద్దు, వదులుగానూ వదలొద్దు. అచ్చు వంచితే రేకు దాని బరువుకి అదే తిరగాలి, కానీ కింద సందు ఉండకూడదు. పడవ ఇంజన్‌కి వాడే టూ-టీ ఆయిల్ దూదితో రేకు అడుగున ఒక్క మెరుపు అంత రాసి, మళ్లీ తుడిచేయండి. ఎక్కువైతే అచ్చు లోపలికి దిగి గుండ్లకి బొక్కలు పడతాయి.

అప్పటికే అంటుకుందా? అచ్చు వేడిగా ఉన్నప్పుడే వెదురు పుల్లతో గీకండి, వచ్చేస్తుంది. కత్తి వద్దు, ఆకురాయి వద్దు, గరుకు కాగితం అసలే వద్దు. అల్యూమినియం మీద ఒక్క గీత పడితే సీసం ఇక అక్కడే పట్టుకుంటుంది. అలాంటివాటికి నేను చేయగలిగింది కూడా ఏం లేదు, కొత్తది కోయడమే.

ఇక మిగతావి.

పాత వల గుండ్లు కరిగిస్తుంటే చల్లని మూకుట్లో వేసి, ఆ తర్వాతే మంట పెట్టండి. బొక్కల్లో సముద్రపు నీరు ఉంటుంది. కరిగిన సీసంలో పాత గుండు వేయడమంటే నీళ్లు పోయడమే.

గరిటె మూకుడు అంచున కాగాకే ముంచండి.

మబ్బు పట్టిందంటే పొయ్యి ఆర్పండి. మేలో గాలివాన చెప్పి రాదు.

నుదుటికి గుడ్డ కట్టుకోండి, చెమట కూడా నీళ్లే.

పాత బ్యాటరీ పగలగొట్టి ఆ పలకలు కరిగించొద్దు. వాటిలో యాసిడ్ ఉంటుంది. సీసంతో పాటు ఇంకా చెడ్డవీ ఉంటాయి. అవి కరిగాక పైన తేలే తెట్టు తడిస్తే విషవాయువు రావచ్చు. చౌకగా వస్తుందని ఎవరన్నా అమ్మినా వద్దు.

పంక్చర్ షాపులో దొరికే చక్రాల తూకాల్లో జింకువీ ఉంటాయి. జింకు 420 డిగ్రీలకి గానీ కరగదు. మంట తక్కువగా ఉంచితే పైన తేలుతుంది, తీసి పారేయండి. కరిగిందంటే మూకుడంతా పాడు.

చెప్పులతో కూర్చోవద్దు. బూట్లు, పొడుగు చేతుల నూలు చొక్కా, కళ్లజోడు. నైలాన్ బట్టలు వద్దు.

అచ్చు తెరుచుకోకపోతే కీలు మీద కర్రతో కొట్టండి, చెక్కల మీద సుత్తితో కాదు.

కాలితే పంపు కింద ఇరవై నిమిషాలు పెట్టండి. అంటుకున్న సీసం పీకొద్దు, టూత్‌పేస్టు రాయొద్దు, 108కి ఫోన్ చేయండి.

తెట్టు ఊడ్చి వాకిట్లో పోయకండి. డబ్బాలో వేసి మూత పెట్టండి. పిల్లల ఒంట్లో సీసం ఇంతవరకు పర్లేదు అనే లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేతులు, మొహం సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే బిడ్డని ఎత్తుకోండి.

చివరిసారి చెప్తున్నా, బకెట్ ఆ పెరట్లోనే ఉంచకండి.

ఆ మూకుట్లో మళ్లీ చేపలు వేయించొద్దు. ఎంత తోమినా సరే.