మన ఇన్సులిన్ మనమే వేసుకుందాం – 3వ పాఠం: సూది ఎక్కడ గుచ్చాలి?

పోయిన పాఠంలో ఇన్సులిన్ పెన్నులో డోసు పెట్టుకోవడం, ముందుగా 2 యూనిట్లు బయటికి వదిలి సూది కొసన చుక్క కనబడుతోందో లేదో చూసుకోవడం నేర్చుకున్నాం. ఇక గుచ్చే చోటు సంగతి. డోసు తప్పకపోయినా, తిండి మారకపోయినా షుగరు ఒకరోజు పెరుగుతూ మరోరోజు పడిపోతూ ఉంటే, ముందు అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

ఇన్సులిన్ చర్మం కింది కొవ్వులోకి వెళ్లాలి. కండలోకి దిగితే తొందరగా రక్తంలో కలిసి షుగరు పడిపోవచ్చు. అందుకే పొట్ట, తొడల ముందువైపు, పిరుదుల పైభాగం, భుజం కింద చేతి వెనకవైపు వాడతాం. పొట్ట నుంచి త్వరగా, తొడ నుంచి నెమ్మదిగా ఒంటికి పడుతుంది. బొడ్డు చుట్టూ రెండంగుళాల మేర వదిలేయండి. 4 మి.మీ. సూదైతే నిటారుగా గుచ్చితే చాలు. మరీ సన్నగా ఉన్నవాళ్లు మాత్రం రెండు వేళ్లతో చర్మాన్ని మెల్లగా మడత పట్టుకోవాలి. బటన్ పూర్తిగా నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు సూది తీయండి.

అసలు చిక్కు ఇక్కడుంది. నొప్పి తెలియడం లేదని చాలామంది రోజూ ఒకేచోట గుచ్చుకుంటారు. కొన్నాళ్లకు అక్కడ కొవ్వు ఉబ్బి గడ్డ కడుతుంది. గడ్డలో నొప్పి తక్కువ కాబట్టి చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది. కానీ అక్కడ వేసిన ఇన్సులిన్ ఒంటికి ఎంత పడుతుందో, ఎప్పుడు పడుతుందో చెప్పలేం. షుగరు తగ్గడం లేదని డోసు పెంచుకుంటూ పోతారు. పాపం, తప్పు మందుది కాదు!

దీనికి విరుగుడు చోటు మార్చడమే. బొడ్డును మధ్యలో పెట్టుకుని పొట్టను నాలుగు భాగాలనుకోండి. వారానికో భాగం. అందులోనూ నిన్న గుచ్చిన చోటికి వేలెడు దూరం జరగండి. సూది ప్రతిసారీ కొత్తదే వాడండి.

ఈ వారం స్నానం చేసేటప్పుడు, సబ్బు చేత్తో గుచ్చే చోట్లన్నీ తడిమి చూడండి. కొన్ని గడ్డలు కంటికి కనబడవు, వేళ్లకే తెలుస్తాయి. గడ్డ తగిలితే అక్కడ వేయడం ఆపాలి, అయితే ముందు డాక్టరుతో మాట్లాడండి. మంచి చోట అదే డోసు ఎక్కువై షుగరు బాగా పడిపోవచ్చు, డోసు తగ్గించాల్సి రావచ్చు. ఆ రోజుల్లో షుగరు తరచుగా చూసుకోండి.

షుగరు 70 కంటే తగ్గితే వెంటనే ఏం చేయాలో వచ్చే పాఠంలో. అప్పటిదాకా గ్లూకోజ్ పొడి దగ్గరుంచుకోండి.