పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఎక్కదు, ఎక్కినా టీవీలో ఆడదు: ఏం చేయాలి?

టీవీలో మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ రావడం లేదు

ఫైలు పేరు చివర ఎంపీ4 ఉన్నంత మాత్రాన సరిపోదు. అది డబ్బా పేరే. లోపల వీడియోను ఏ కోడెక్‌తో (సైజు తగ్గించే పద్ధతితో) కుదించారన్నది చూడాలి. పాత టీవీలు చాలావాటికి 2003 నాటి హెచ్.264 తెలుసు, 2013లో వచ్చిన హెచ్.265 తెలియదు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరిచి కోడెక్ వివరాలు చూడండి. హెచ్ఈవీసీ అని ఉంటే అది హెచ్.265. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264లోకి మార్చేయండి.

బొమ్మ వచ్చి మాట రాకపోతే తేడా ఆడియోలో ఉంది. హ్యాండ్‌బ్రేక్‌లో ఆడియో కోడెక్‌గా ఏఏసీ పెట్టండి.

తలంబ్రాలు పోసేటప్పుడు బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతోంది

కోడెక్ సైజు ఎలా తగ్గిస్తుందంటే, ముందు ఫ్రేములో ఉన్నదే మళ్లీ ఉంటే కొత్తగా రాయదు. పంతులుగారు మంత్రాలు చదువుతున్నంతసేపూ దానికి హాయి. తలంబ్రాలు పడేటప్పుడు, సీరియల్ లైట్లు మిణుకుమంటున్నప్పుడు మాత్రం ప్రతి ఫ్రేమూ కొత్తదే. అక్కడ బిట్‌రేట్ (సెకను వీడియోకి వాడే డేటా) చాలకపోతే గళ్లు పడతాయి. అందుకే మార్చేటప్పుడు సగటు బిట్‌రేట్ జోలికి పోకుండా కాన్‌స్టంట్ క్వాలిటీ (అంతటా ఒకే నాణ్యత) ఎంచుకోండి. ఫుల్ హెచ్‌డీకి ఆర్ఎఫ్ (ఆ నాణ్యతను సూచించే అంకె) 20 నుంచి 24 మధ్య బాగుంటుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. నేనైతే 21తో మొదలుపెట్టి, తలంబ్రాల ముక్క ఒక్కటే మార్చి చూస్తాను. మూడు గంటల వీడియో మొత్తం మార్చాక బాలేదంటే ఓపిక ఉండదు.

బోలెడు ఖాళీ ఉన్నా ఫైలు పెద్దదంటోంది

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది. అయితే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, పైగా కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. అప్పుడు వీడియోను ముక్కలు చేయడమే మార్గం. సెకనుకు 8 మెగాబిట్లయితే గంట వీడియో సుమారు 3.6 జీబీ అవుతుంది కాబట్టి గంటకో ఫైలు చాలు.

వాట్సాప్‌లో పంపితే మసకబారింది

వాట్సాప్ వీడియోను మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ వరకు ఉన్నదున్నట్టు వెళ్తుంది. మసకబారిన కాపీని ఎంత పెద్ద బిట్‌రేట్‌లోకి మార్చినా సైజు పెరుగుతుందే తప్ప పోయిన స్పష్టత రాదు. కాబట్టి ఏ మార్పయినా ఫొటోగ్రాఫర్ ఇచ్చిన ఒరిజినల్ నుంచే చేయండి.