మీ రాత ఎంత మారిందో పాత డ్రాఫ్టుని అడగండి

"రచయితగా మీరెంత ఎదిగారో రాయండి" అని టర్మ్ చివర్లో అడిగితే చాలామంది విద్యార్థులు "నా భాష మెరుగుపడింది, ఆత్మవిశ్వాసం పెరిగింది" అని రాసి ఇచ్చేస్తారు, అందులో అసలు ఏం మారిందో రాసినవాళ్లకే తెలియదు. దానికి బదులు ఇలా చేసి చూడండి. మొదట్లో రాసిన వ్యాసం ఒకటి తీసి, ఒక్క పేరా చదివి పక్కన పెట్టేసి, అదే విషయాన్ని చూడకుండా ఇప్పుడు మళ్లీ రాయండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

అప్పుడు "నీటి కాలుష్యం వల్ల ఎన్నో నష్టాలు కలుగుతున్నాయి" అని ఉండి, ఇప్పుడు "పొలాల్లోని ఎరువులు చెరువులోకి కొట్టుకొస్తే నాచు విపరీతంగా పెరుగుతుంది, అది కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు చచ్చిపోతాయి" అని వచ్చిందనుకోండి, చెప్పుకోవాల్సిన ఎదుగుదల అదే. 'ఎన్నో నష్టాలు' ఉన్నచోట కారణం, ఫలితం వచ్చి కూర్చున్నాయి. ఆ రెండు వాక్యాలనూ ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, ఎందుకు మార్చారో కింద రెండు ముక్కలు చెప్పండి. టీచర్ రాసిన కామెంట్ వల్లా, చదివిన ఫ్రెండ్ అర్థం కాలేదన్నందుకా, అదీ రాయండి. ఇప్పటికీ కుదరనిది, ముగింపు సాగదీయడం లాంటిది ఏదైనా ఉంటే దాచకండి, నాకైతే ఆ భాగమే అన్నిటికంటే విలువైనది.

డ్రాఫ్టులు మాత్రం చెరిపేయొద్దు. గూగుల్ డాక్స్‌లో రాస్తుంటే ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, అక్కడ ఒక్కో వెర్షన్‌కి పేరు పెట్టుకోవచ్చు. నోట్‌బుక్ అయితే కొట్టివేతలు అలాగే ఉంచి పైన తేదీ వేయండి.