అపార్టుమెంట్లో దీపావళి: టపాసులకంటే ముందు చోటు ఖాయం చేసుకోండి

పండక్కి వారం ముందే కమిటీ వాళ్లు కాల్చే చోటు తేల్చేయాలి. సెల్లార్ వద్దే వద్దు. అక్కడ బండ్లలో పెట్రోలు ఉంటుంది, పొగ బయటికి పోదు. టెర్రస్ మీద గాలికి రవ్వలు ఎగిరి పక్కవాళ్ల బాల్కనీలో ఆరేసిన బట్టలమీద పడతాయి. కింద ఖాళీ జాగాలో, బండ్లకూ గోడలకూ పది మీటర్ల ఎడంగా, ముగ్గుతో పెద్ద గుండ్రం గీయండి. అంటించేవాళ్లు ఒక్కరే లోపల, మిగతా అందరూ గీత బయట. పక్కనే రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసుక ఉంచండి.

చప్పుడు సంగతి. రూలు ప్రకారం, పేలిన చోటి నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 తగ్గుతుంది, అంటే 8 మీటర్ల దగ్గర 119, 16 మీటర్ల దగ్గర 113. ఇరుకు సందులో ఈ లెక్క చెల్లదు, రెండువైపులా గోడలు చప్పుణ్ని తిప్పికొడతాయి. లక్ష్మీబాంబు పేల్చాల్సిందే అనుకుంటే సందు వదిలి మైదానానికి పొండి. ఆసుపత్రికి వంద మీటర్ల లోపలా, రాత్రి 10 దాటాకా చప్పుడు చేసేవి కాల్చకూడదు. 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే సమయమిచ్చి, సరాలను నిషేధించింది. అయినా థౌజండ్‌వాలాలు దుకాణాల్లో దొరుకుతూనే ఉంటాయి, అది వేరే సంగతి. చంటిపిల్లలు, గుండెజబ్బు మనుషులు, కుక్కలు ఉన్న ఇళ్లకు వేళ ముందే చెప్పి ఉంచండి. కుక్కను చీకటి పడకముందే తిప్పి తెచ్చి, కిటికీలు మూసిన గదిలో ఫ్యాను, టీవీ వేసి ఉంచాలి.

అందరూ తేలిగ్గా తీసుకునేది చిచ్చుబుడ్డిని. లోపల మందు గట్టిగా దట్టించి ఉంటే పైనుంచి పొరలుపొరలుగా కాలుతుంది. మందుకు పగుళ్లొస్తే నిప్పు ఒక్కసారిగా లోపలికి దిగుతుంది, వాయువు సన్నటి మూతిలోంచి పోలేక బుడ్డి పేలుతుంది. చెమ్మ తగిలినవాటిని డాబా మీద ఎండబెట్టినా, డబ్బా కిందపడినా ఆ పగుళ్లు రావచ్చు. మట్టిబుడ్డి అయితే పెంకులు కళ్లలోకే వస్తాయి. అందుకే పాతవి, చెమ్మ పట్టినవి వాడకండి. చదునైన నేలమీద పెట్టి, మొహం పక్కకు ఉంచి, చెయ్యి పూర్తిగా చాపి, పొడుగాటి కాకరపువ్వొత్తితో అంటించండి. బుడ్డి మీదికి వంగడం, దాన్ని చేత్తో పట్టుకుని కాల్చడం రెండూ వద్దు.

షాట్ల పెట్టెకు అటూ ఇటూ ఇటుకలు ఆనించండి. లేకపోతే మొదటి రెండు షాట్ల తాకిడికే ఒరిగి, మిగతావి జనంలోకి పోతాయి. తారాజువ్వకు ఖాళీ సీసా చాలదు, సగం ఇసుక నింపి నిలబెట్టండి. కాలిన కాకరపువ్వొత్తి తీగ ఎర్రదనం పోయినా చర్మం ఊడేంత వేడిగా ఉంటుంది, నేరుగా నీళ్ల బకెట్లో వేయించండి. పిల్లలకు నూలు బట్టలు, చెప్పులు తప్పనిసరి. నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ఉల్లిపాయ బాంబులను ఇంటికి తేనే తేకండి. వాటికి నిప్పు అక్కర్లేదు, దెబ్బ తగిలితే చాలు. 2024 దీపావళి రోజున ఏలూరులో బైకుమీద తీసుకెళ్తుండగానే పేలి మనిషి ప్రాణం పోయింది.

ఒత్తి అంటుకుని తుస్సుమంటే దగ్గరికి వెళ్లొద్దు. లోపల నిప్పు రాజుకుంటూ ఉండొచ్చు. ఇరవై నిమిషాలు ఆగి, దూరం నుంచే నీళ్లు గుమ్మరించండి. మళ్లీ అంటించే ప్రయత్నం వద్దు.

చెయ్యి కాలితే ఉంగరాలు, గాజులు వెంటనే తీసేసి ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, ఇంకు ఏవీ పూయకూడదు. బొబ్బలు చిదపకుండా శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కంట్లో ముక్క గుచ్చుకుంటే నలపొద్దు, కడగొద్దు, తీయాలని చూడొద్దు. కంటికి తగలకుండా పేపరు కప్పు అడ్డంపెట్టి కంటి ఆసుపత్రికి వెళ్లాలి. అంబులెన్సుకు 108, ఫైరింజనుకు 101.

మర్నాడు పొద్దున్నే, పిల్లలు లేవకముందే జాగా ఊడ్పించండి. పేలనివి ఏరి, మందు కాగితంలో పోసి అంటించే సరదా వాళ్లకు ఉంటుంది. ఆ మందు భగ్గుమంటే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. దొరికినవన్నీ ఒక రోజంతా నీళ్లలో నానాకే చెత్తబండికి ఇవ్వండి.